పన్నెండున్నరకి, ఫౌంటెన్ దగ్గర

సిడ్నీలో, వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నేను పనిచేసేది రక్తపరీక్షల ల్యాబ్‌లో. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే విభాగం నాది. ఇరవై ఏళ్లుగా అదే పని. పక్షవాతం వచ్చినవాళ్ల రక్తం వస్తే చేతిలో ఉన్నవన్నీ పక్కనపెట్టి అదే ముందు చూడాలి. ఆ ట్యూబుతో వచ్చే కాగితం మీద ఒక టైము రాసి ఉంటుంది. మనిషి ఆఖరుసారి మామూలుగా కనిపించిన టైము. అప్పటినుంచి నాలుగున్నర గంటల లోపయితే గడ్డని కరిగించే మందు ఎక్కించవచ్చు. దాటిందంటే ఆ మందే మెదడులో రక్తస్రావం తెచ్చిపెడుతుందన్న భయం. ఇన్నేళ్లలో ఆ టైము ఎవరు చెబుతారో, ఎలా చెబుతారో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకు అది కాగితం మీద ఒక అంకె, అంతే.

మా ఆయన స్ట్రక్చరల్ ఇంజనీరు. వంతెనల లెక్కలు వేస్తారు. సెలవులొస్తే మాత్రం ఆయనకి పాత రాళ్లు కావాలి. సిడ్నీలో నూట యాభై ఏళ్ల గోడ కనిపిస్తేనే ఆగి చేత్తో తడిమి చూసే మనిషి. అమ్మాయి యూనివర్సిటీకి వెళ్లడం మొదలెట్టాక, పెండిల్ హిల్‌లో మా ఇంటి తాళాలు దాని చేతిలో పెట్టి, మేమిద్దరమే మూడు వారాలకి ఇటలీ బయలుదేరాం. పెళ్లయ్యాక మేమిద్దరమే వెళ్లిన మొదటి ప్రయాణం అది. దక్షిణాన, సముద్రం ఒడ్డున ఒక పాత ఊళ్లో గది తీసుకున్నాం. ఆ ఊరి పేరు రాయను. ఆ ఊరు మాకు ఏ అపకారమూ చెయ్యలేదు.

మూడో రోజు ఉదయం ఎనిమిదింటికి డాబా మీద కూర్చుని కాఫీ తాగుతున్నాం. కింద ఇళ్ల కప్పులు, వాటి వెనక సముద్రం. ఆయన ఊరి మ్యాపు బల్ల మీద పరిచారు.

"ఒక మాట చెప్తాను, కోప్పడకు" అన్నారు.

"చెప్పండి."

"పెర్త్ ఆఫీసు వాళ్లకి ఎస్ చెప్పేశాను. జనవరిలో జాయినవ్వాలి. తమ్ముడు పియారా వాటర్స్‌లో వాళ్ల వీధిలోనే ఇల్లు చూస్తున్నాడు."

పెర్త్ అంటే సిడ్నీనుంచి విమానంలో ఐదు గంటలు. ఆ ఉద్యోగం గురించి ఆర్నెల్ల కిందట ఒకసారి అన్నారు, నేను వద్దన్నాను, అయిపోయిందనుకున్నాను.

"నన్ను అడగలేదేం?"

"అడిగితే వద్దంటావుగా."

"అందుకని చెప్పకుండా చేసేస్తారా? నా ఉద్యోగం ఏమవ్వాలి? పిల్ల యూని?"

"నీకు అక్కడా ల్యాబులుంటాయి. అది పెద్దదైంది, ఇంకా మన కొంగు పట్టుకుని తిరుగుతుందా?"

నా గొంతు పెరిగింది. నా గొంతు పెరిగితే ఆయన మాట్లాడరు, తల వంచుకుని వింటారు, అది చూసి నాకు ఇంకా మండుతుంది. ఆ మంటలోనే ఆయన చేతిలోని కప్పు జారి మ్యాపు మీద పడింది. కాఫీ అంతా కాగితం మీదికి పాకింది.

"చెయ్యి తిమ్మిరిగా ఉందే" అన్నారు, కుడిచేతి వేళ్లు ముడిచి తెరుస్తూ.

"రాత్రంతా చెయ్యి కింద పడేసుకుని పడుకుంటే తిమ్మిరెక్కక ఏమవుతుంది? మాట మార్చకండి."

ఆయన మాట మార్చలేదు. ఇంకో మాటే మాట్లాడలేదు. రుమాలుతో మ్యాపు తుడిచారు. ఏ చేత్తో తుడిచారో నాకు గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించానో చెప్పలేను.

పదింటికి సంతకి దిగాం. వెళ్లకపోతే ఇంకా పెద్ద గొడవవుతుందని ఇద్దరికీ తెలుసు. మెట్లసందులో ఆయన ముందు, నేను వెనక. ఆయన కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఆయనకి అలా నడిచే అలవాటు ఉందని అనలేను. లేదని కూడా అనలేను.

ఆ సంత వందల ఏళ్లుగా అదే చోట జరుగుతోందట. నాలుగువైపులా మూడంతస్తుల పాత ఇళ్లు, మధ్యలో అరిగి నున్నబడిన నల్లరాయి పరిచిన చౌకు, దాని నడుమ నీళ్లు రాని ఫౌంటెన్. దుకాణాల మీద ఎర్రటి గుడ్డ పందిళ్లు. ఎండ వాటిలోంచి దిగి కూరగాయల మీదా మనుషుల మొహాల మీదా ఎర్రగా పడుతోంది. అమ్మేవాళ్లు అరవరు, రాగం తీస్తారు. ఒకడు ఎత్తుకుంటే అవతలవాడు అందుకుంటాడు. చేపల బల్లల మీద మంచు, మంచులో నిలబెట్టిన కత్తిచేప తల, దాని ముక్కు ఆకాశంలోకి చూస్తూ ఉంది. కిందంతా నీళ్లు, పొలుసులు.

ఆయన ఒక మూల ఆగారు. ఇంటి గోడలో సగం ఇరుక్కుపోయిన స్తంభం ఒకటుందక్కడ.

"ఇదిగో, ఇటు చూడు. కింద రాయి వేరు, పైది వేరు. ఈ ఇల్లు కట్టినవాళ్లు పాతదాన్ని పడగొట్టలేదు, దాని మీదే బరువు మోపారు" అన్నారు. నాతో రాజీకి ఆయన పద్ధతి అది. ఎప్పుడూ అంతే, ఏదో ఒక రాయి చూపిస్తారు.

"మీ రాళ్లు మీరు చూసుకోండి. నేను ఒక్కదాన్నే తిరుగుతాను. పన్నెండున్నరకి ఆ ఫౌంటెన్ దగ్గరుండండి."

తలూపారు. నేను వెనక్కి చూడకుండా వచ్చేశాను. అప్పుడు పదిన్నర.

నిజం చెప్పాలి. ఆ రెండు గంటలు నేను హాయిగా తిరిగాను. కోపం పది నిమిషాల్లో ఎటో పోయింది, దాని స్థానంలో ఒంటరిగా ఉన్న సుఖం మిగిలింది. దబ్బకాయలు చూశాను, ఒక్కొక్కటి చిన్న కొబ్బరికాయంత. పచ్చడికని రెండు కొన్నాను. నాగజెముడు పళ్లు ముళ్లు గీకేసి తొక్క ఒలిచి చేతికిస్తుంటే మూడు తిన్నాను. చెక్కబల్లల మీద పరిచి ఎండబెట్టిన టమాటా గుజ్జుని ఒక ముసలామె మోచేతుల దాకా ముంచి కలుపుతుంటే, మా అమ్మమ్మ కొరివికారం కలిపే చేతులు గుర్తొచ్చి చాలాసేపు నిలబడ్డాను. పెర్త్‌కి ఎలా అడ్డుపడాలో ఆలోచించాను. మరిదికి ఫోన్ చేసి ఇల్లు చూడొద్దని చెప్పాలనుకున్నాను. పన్నెండున్నర దాటడం చూశాను. చూసి కూడా ఇంకో దుకాణంలోకి వెళ్లాను. కాస్త ఎదురుచూడనీ అనుకున్నాను.

పన్నెండూ నలభైకి ఫౌంటెన్ వైపు వచ్చేసరికి అక్కడ జనం గుంపుగా ఉన్నారు. ఏదో గారడీయో బొమ్మలాటో అనుకున్నాను. ముందురోజు అక్కడే ఒకతను కోతిబొమ్మని ఆడించాడు. ఆ గుంపులో ఈయన ఉండరులే, గుంపులంటే ఆయనకి పడదు అనుకుని అవతలి పక్కకి తిరిగాను. అప్పుడు వెనకనుంచి ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. చేపలమ్మే అతను. రబ్బరు ఏప్రాను, మంచుకి మొద్దుబారిన చల్లటి చెయ్యి. నా మొహం చూసి, నా చుడీదారు చూసి, ఒకటే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. "మరీతో, మరీతో." భర్త అని తర్వాత తెలిసింది. ఆ సంతలో మా రంగు మనుషులం ఆ రోజు ఇద్దరమే ఉండి ఉంటాం. అతను నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

అట్టపెట్టెలు విప్పి పరిచి ఆయన్ని వాటి మీద పడుకోబెట్టారు. ఆకుకూరలమ్మే ఒకావిడ ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంకెవరో దుకాణం గొడుగు పీకి తెచ్చి ఎండ పడకుండా పట్టుకున్నారు. చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టారు. ఆయన మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. కుడిచెయ్యి ఆయనది కానట్టు పడి ఉంది. నన్ను చూశారు. చూసి ఏదో అన్నారు. తెలుగు యాసే, తెలుగు సాగదీతే. అందులో మాట మాత్రం ఒక్కటీ లేదు.

"ఏమండీ, నేనండీ, వచ్చానండీ" అన్నాను. ఆకుకూరలావిడ వేళ్లతో చూపించింది, పది, మళ్లీ పది. పడిపోయి ఇరవై నిమిషాలు. అంటే నేను చెప్పిన టైముకన్నా ముందే ఆయన వచ్చి ఫౌంటెన్ గట్టుమీద కూర్చున్నారన్నమాట.

అంబులెన్సు సందు చివరే ఆగిపోయింది. స్ట్రెచరు మోసుకుంటూ వచ్చారు. అది పోవడానికి దారి లేదు. అప్పుడు ఒక్కొక్క దుకాణంవాడూ తన బల్ల వెనక్కి లాగాడు, పందిరి కర్రలు పీకాడు, బుట్టలు ఎత్తి తలమీద పెట్టుకున్నాడు. పాటలన్నీ ఆగిపోయాయి. అంత పెద్ద సంతలో రాళ్ల మీద స్ట్రెచరు చక్రాల చప్పుడొక్కటే వినిపించింది. నేను దాని వెనక నడిచాను. ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు. చనిపోయినవాళ్లకి కూడా ఇలాగే వేసుకుంటారు కదా అని నాకు భయం వేసింది.

ఆసుపత్రికి చేరేసరికి ఒకటిన్నర. చిన్న ఆసుపత్రి. ఇంగ్లీషు వచ్చిన డాక్టరు ఒక్కతే ఉంది, మా అమ్మాయికన్నా నాలుగైదేళ్లు పెద్దదేమో. తల స్కానుకి తీసుకెళ్తూనే అడిగింది.

"ఆయన పూర్తిగా మామూలుగా ఉండటం మీరు ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

నాకు తెలిసిన ప్రశ్న. నా బల్ల మీదికి కాగితంగా వచ్చే ప్రశ్న.

"పదిన్నర" అన్నాను. ఆమె మొహం తేటపడింది. మందుకి టైముంది. ఆమె నర్సుకి ఏదో చెప్పబోతోంది.

"కానీ ఎనిమిదింటికి చేతిలోంచి కప్పు పడిపోయింది" అన్నాను.

ఆమె ఆగింది. "జారిందా? కప్పులు జారతాయి."

"తిమ్మిరిగా ఉందన్నారు. కుడిచెయ్యే."

"తర్వాత పూర్తిగా తగ్గిపోయిందా? తగ్గితే పదిన్నర నుంచే లెక్కపెట్టవచ్చు. బాగా గుర్తు తెచ్చుకోండి."

ఆ డాక్టరమ్మాయి నాకు దారి ఇస్తోంది. తగ్గింది అంటే చాలు. జేబులోని చెయ్యి కళ్లముందుకొచ్చింది. రెండు రోజులుగా అడుగడుక్కీ ఫోటో తీసిన మనిషి ఆ పొద్దున ఒక్క ఫోటో కూడా తియ్యలేదని అప్పుడు తట్టింది. స్తంభం చూపించినప్పుడు కూడా చేత్తో తడమలేదు, గడ్డంతో చూపించారు. కోపంలో ఉన్నారు కాబట్టి తియ్యలేదా, చెయ్యి రాక తియ్యలేదా? మందు వికటించినవాళ్ల రక్తం కూడా నా బల్ల మీదికే వస్తుంది. అదీ కళ్లముందుంది.

"తెలియదు" అన్నాను.

"మీరు ఆయనతోనే ఉన్నారు కదా, పదిన్నరదాకా?"

"ఉన్నాను. చూడలేదు."

ఆమె బయటికి వెళ్లింది. పెద్ద ఊళ్లో ఉన్న డాక్టర్లతో ఫోన్లో మాట్లాడి వచ్చి, మందు ఎక్కించడం లేదని నెమ్మదిగా చెప్పింది. ఎనిమిదినుంచి లెక్కేస్తే పన్నెండున్నరకే గడువు అయిపోయింది.

మూడో రోజుకి అమ్మాయి సిడ్నీనుంచి వచ్చింది. వార్డు బయట నన్ను పట్టుకుని ఏడ్చింది. కాసేపాగి, "వాజ్ హీ ఓకే ఇన్ ద మార్నింగ్, అమ్మా?" అని అడిగింది.

"బాగానే ఉన్నారమ్మా" అన్నాను. డాక్టరు దగ్గర ఆడలేని అబద్ధం కూతురి దగ్గర ఇట్టే వచ్చేసింది.

ఆ ఆసుపత్రిలో నాలుగు వారాలున్నాం. ఒకరోజు, సంతలోవాళ్లకి థాంక్స్ చెబుదామని అమ్మాయే బలవంతంగా తీసుకెళ్లింది. వెళ్లింది ఆదివారమని మాకు తట్టలేదు. సంత లేదు. చౌకు మొత్తం కడిగేసి ఉంది. పందిళ్లు లేకపోయేసరికి ఆ ఇళ్లు ఎంత పగుళ్లిచ్చి ఉన్నాయో కనిపించింది. రాళ్ల సందుల్లో చేపల కంపు. ఫౌంటెన్ గట్టు దగ్గర అమ్మాయి, "వేర్ వర్ యూ?" అని అడిగింది, మామూలుగానే, జరిగింది ఊహించుకోవడానికి. కూరగాయల వైపు చూపించాను. ఎంతసేపని అడిగితే ఏం చెప్పాలా అనుకుంటూ నిలబడ్డాను. అడగలేదు.

మర్నాడు నేనొక్కదాన్నే మళ్లీ వెళ్లాను. ఆకుకూరలావిడ నన్ను గుర్తుపట్టింది. చేతులు తుడుచుకుని, అరచెయ్యి పైకి తిప్పి కనుబొమలెత్తింది. బతికాడా? తలూపాను. తన నోటి మీద వేలు పెట్టి మళ్లీ అడిగింది. మాట వచ్చిందా? అడ్డంగా ఊపాను. ఆమె చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. చేపలతను చూసి వచ్చి పక్కన నిలబడ్డాడు. వాళ్లకి నా గురించి ఏమీ తెలియదు. నాకు అప్పుడు అదే కావాలి.

సిడ్నీ వచ్చాక ఆర్నెల్లు మళ్లీ ఆసుపత్రి, వ్యాయామాలు. ఇంటి ముందు మెట్లు తీయించి వాలుగా సిమెంటు పోయించాం. ఆయన కర్ర పట్టుకుని పది అడుగులు వేస్తారు. కుడిచెయ్యి రాలేదు. మాటల్లో ఒక్కటే మిగిలింది, "అదే". అన్నం కావాలన్నా అదే, నొప్పి అన్నా అదే, టీవీ ఆపమన్నా అదే. మనం చెప్పేది మాత్రం అంతా తెలుస్తుంది.

పెర్త్ ఆఫీసుకి నేనే మెయిలు రాశాను, ఆయన రాలేరని. మరిది ఫోన్ చేసి, "వదినా, ఆ ఇంటివాళ్లకి వద్దని చెప్పేశాను" అని ఏడ్చాడు. ఆ ఉదయం నేను గొంతు చించుకుని అడిగింది అదే. మేం పెర్త్ వెళ్లడం లేదు.

ఇక్కడి డాక్టరు అక్కడి స్కాన్లన్నీ తెప్పించి చూశాడు. మంచి మనిషి. "అప్పటికే చాలా భాగం పోయినట్టుంది. మీరు పదిన్నర అని చెప్పినా వాళ్లు మందు ఇచ్చేవాళ్లు కాదేమో. కాబట్టి ఆ సంగతి మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

"అంటే ఎనిమిదింటికే మొదలైందా?"

"అయి ఉండవచ్చు. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు."

డాక్టరు నన్ను ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. ఎనిమిదింటికే మొదలైతే, ఆసుపత్రిలో పనిచేసే భార్య ఎదురుగా కూర్చుని మాట మార్చకండి అంది. పదిన్నర తర్వాత మొదలైతే, అదే భార్య డాక్టరు చేతిలోంచి మందు తప్పించింది. ఈ రెంటిలో ఏదో ఒకటి చేశాను. ఏదో తెలిస్తే దానికే ఏడుద్దును.

ఆ శనివారం అమ్మాయికి చెప్పాను. వంటింటి బల్ల దగ్గర, ఆయన ముందే. ఆయన వెనక చెబితే అది ఇంకో తప్పవుతుందనిపించింది. కప్పు, తిమ్మిరి, పెర్త్, డాక్టరు అడిగింది, నేను చెప్పింది, అన్నీ చెప్పాను. కావాలని ఆలస్యంగా వచ్చానని కూడా. అమ్మాయి కదలకుండా వింది.

"యూ టోల్డ్ ఏ స్ట్రేంజర్, నాట్ మీ" అంది ఆఖరికి.

నేను జవాబు చెప్పేలోపు ఆయన గొంతు సవరించుకున్నారు. ఎడమచెయ్యి బల్ల మీద ఆనించి, నా వైపు చూస్తూ, "చెప్పాగా" అన్నారు.

స్పష్టంగా. పాత గొంతుతో. ఏడు నెలల్లో "అదే" కాని మొదటి మాట.

అమ్మాయి లేచి ఆయన దగ్గరికి పరిగెత్తింది. "నాన్నా, సే ఇట్ అగెయిన్!" అంది. ఆయన ఎంతో ప్రయత్నించారు. చెమటలు పట్టాయి. "అదే" అనే వచ్చింది.

మాటలు నేర్పే థెరపిస్టుకి చెబితే, అలాంటివి వస్తుంటాయంది. రోజూ అనే మాటలు మెదడులో వేరే చోట ఉంటాయట, ఒక్కోసారి వాటంతట అవే బయటపడతాయట, వాటికి అర్థం వెతకొద్దంది. కావచ్చు. ఆయన నాతో రోజుకి పదిసార్లు చెప్పాగా అనేవారు. గ్యాసు కట్టెయ్యమని చెప్పాగా, గొడుగు తీసుకెళ్లమని చెప్పాగా. నేను మాత్రం ఆయన్ని అడిగాను, ఇద్దరమే ఉన్నప్పుడు. "చెయ్యి సంగతేనా మీరన్నది?" అని. నన్ను చాలాసేపు చూశారు. తర్వాత కళ్లు మూసుకున్నారు.

అమ్మాయి మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, ఫిజియో అపాయింట్‌మెంట్ల గురించి, మందుల గురించి. వాళ్ల నాన్నతో మాత్రం తెలుగులో మాట్లాడటం మొదలెట్టింది. పుట్టినప్పట్నుంచి మా తెలుగుకి ఇంగ్లీషులో జవాబు చెప్పిన పిల్ల. "నాన్నా, నువ్వు ఈ మాత్ర తిను, నేను నీళ్లు పోస్తా" అంటుంది. మాత్ర తినరు, వేసుకుంటారు, నీళ్లు పొయ్యరు, ఇస్తారు అని సరిచెయ్యబోయి ఊరుకుంటాను.

నేను మళ్లీ ఉద్యోగానికి వెళుతున్నాను. ఉదయం షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి అమ్మాయి యూనికి బయలుదేరే వేళకి ఇంటికి చేరతాను. గుమ్మంలో ఒకరినొకరు దాటుకుంటాం. ఆయన అన్నం తిన్నారో లేదో చెప్పి వెళ్లిపోతుంది.